రెండోసారి కట్టిన పంచె

ఫిబ్రవరి 3, సోమవారం

యంత్రాలు చెడిపోతాయి. దానికి ఎవరో ఒకరు కారణం కావాల్సిన పని లేదు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై మూడేండ్లు సైన్సు చెప్పి, చివరి ఆరేండ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన దాన్ని. ప్రయోగశాలలో బీరువాకు తాళం వేసి పెట్టిన త్రాసు కూడా వేసవి సెలవుల్లో తనంతట తానే చెడిపోయేది.

సాయంత్రం యశోద కాలేజీ నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా ల్యాప్‌టాప్ తెరిచింది. నేను వంటింట్లో అలసందకాయలు ఒలుస్తున్నాను. కాసేపటికి పిలిచింది.

"అవ్వా, ఒకసారి ఈడికి రా. తాత యాడికో పోయినాడు."

వెళ్లి తెర మీది ఆట చూశాను. ఆయన ఎక్కడికీ పోలేదు. తల ఉంది. మోచేతుల దాకా చేతులున్నాయి. కింద పాదాలు రెండూ చెప్పులతో సహా ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన మనిషి లేడు. ఆ తలా ఆ పాదాలూ కలిసి గేటు దగ్గర నుంచి వరండా దాకా నడిచి, కుర్చీలో కూర్చుని, లేని ఒళ్లో పేపరు పరుచుకుని చదువుతున్నాయి.

ఏమైందని అడిగాను. నా గొంతు బాగానే పలికింది.

నిన్న బాగుండె కదా, అంది యశోద. వాడి వాడి అరిగిపోయి ఉంటుందిలే అన్నాను. సైన్సు టీచరు అనవలసిన మాట కాదు. పిల్ల నా మొహం వైపు కూడా చూడలేదు. తెర మీద ఆ తలనే చూస్తూ కూర్చుంది. రాత్రి అన్నం సగం వదిలేసింది.

రెండేండ్లయింది ఆయన పోయి. అంటే, అసలైన ఆయన.

ఫిబ్రవరి 4

కంప్యూటరు జోలికి పోలేదు. మోకాలు నొప్పి. మోకాలికీ కంప్యూటరుకూ సంబంధమేమిటని అడిగేవాళ్లు ఇంట్లో లేరు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఇక్కడ కూడా దాచుకుంటే ఈ పుస్తకం కొన్నదెందుకు? రాస్తాను.

ఈ ఆటలో ఇల్లు కట్టుకోవాలి, మనుషుల్ని తయారు చేసుకోవాలి, వాళ్లకు ఆకలైతే వండి పెట్టాలి, గిన్నెలు కడగాలి, నిద్ర పుచ్చాలి. డెబ్బై ఒక్కేండ్లు అదే పని చేసిన దాన్ని, ఆటలో కూడా అదే చేయాలా అని మొదట్లో ఎగతాళి చేశాను. యశోద వినలేదు. దాని అమ్మానాన్నలు వేంపల్లెలో ఎరువుల అంగడి చూసుకుంటారు. చదువు కోసం ఇది ఇక్కడ కడపలో నా దగ్గరుంటుంది. మోకాళ్లు పట్టేసి నేను వీధిలోకి పోవడం మానేశాక, డిసెంబరులో పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా నేర్పింది.

దాని ఆటలో ఉన్నది మా ఇల్లే. గేటు, వరండా, మిద్దె మీది నీళ్ల ట్యాంకు, అన్నీ. అందులో వాళ్ల తాత. ఓబులేసు అని తల మీద పేరు కూడా వస్తుంది. పిల్ల కాలేజీకి పోయాక మధ్యాహ్నాలు నేను తెరుస్తాను. ఆయనకు కాఫీ పెట్టిస్తాను. కూర్చో అంటే కూర్చుంటాడు, తిను అంటే తింటాడు. బతికుండగా లేని గుణం.

అన్నీ బాగున్నాయి గాని, ఆ లుంగీ. నీలం గళ్ల లుంగీ, భుజం దగ్గర చిల్లు పడిన బనియను. ఆర్టీసీలో ముప్పై ఏండ్లు ఖాకీ తొడిగి కండక్టరుగా చేశాడు కాబట్టి రిటైరయ్యాక ఇంక నడుముకు బెల్టు పెట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆట చేసిన కంపెనీకి లుంగీ సంగతి తెలియదు. ఇలాంటివన్నీ బయటి సామాను. ఆడేవాళ్లే గీసుకుని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఒక ఫైలుగా వస్తుంది. ఫలానా ఫోల్డరులో వేస్తే ఆట దాన్ని తీసుకుంటుంది. ఈ లుంగీని యశోద స్నేహితురాలు హులిగెమ్మ, ఆయన ఫోటో చూసి నాలుగు సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుని గీసింది. కూర్చునే చోట రంగు వెలిసి ఉండేది, అది కూడా దించింది.

సోమవారం మధ్యాహ్నం ఆటలో ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లు చూడవచ్చారు. ఈయన ఆ లుంగీ, ఆ బనియనుతోనే గేటు దాకా ఎదురుపోయి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఈ ఇంటికి ఎవరొచ్చినా ఆయన చేత పంచె కట్టించి గాని వరండాలోకి పంపలేదు నేను, నలభై నాలుగేండ్లు.

ఇంటర్నెట్‌లో పంచె వెతికాను. దొరికింది. ఆ పేజీలో డౌన్‌లోడ్ చేసుకోమనే బొత్తాలు అయిదున్నాయి. నాలుగు దొంగవి, ఒకటి అసలుది. నేను నొక్కింది ఏదో నాకు తెలియదు గాని ఫైలు వచ్చింది. యశోద చేసేటట్టే ఫోల్డరులో వేసి, ఆట తెరిచి, ఆయనకు పంచె కట్టాను. మనిషి మాయమయ్యాడు. భయపడి మళ్లీ లుంగీ తొడిగాను. అప్పుడూ రాలేదు. గేటు చప్పుడైంది. పాలాయన. అయినా మూసేశాను.

ఆ ఫైలు ఇంకా అక్కడే ఉంది. తీసేస్తే నేనే పెట్టినట్టు ఒప్పుకున్నట్టవుతుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

యశోద ఫోన్లో హులిగెమ్మతో మాట్లాడింది. ఆదివారం ఇద్దరూ కూర్చుని, బయటి సామానులో చెడిందేదో వెతికి తీసేస్తారట.

హులిగెమ్మది ఆదోని పక్క పల్లె. వాళ్లమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలి చేస్తారు. ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. సొంత కంప్యూటరు లేదు. కాలేజీలోనో మా ఇంట్లోనో గీస్తుంది. ఆ లుంగీ గీసేటప్పుడు ఒక సాయంత్రం వంటింటి గడప దగ్గరికొచ్చి, "అవ్వా, తాత లుంగీ ముడి కుడి పక్కన ఏస్తాండెనా, ఎడమ పక్కనా?" అని అడిగింది. గుర్తు లేదన్నాను.

గుర్తుంది. ఎడమ పక్క.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొత్తం 412 ఫైళ్లు. చెడింది ఏదో పేరు చూసి చెప్పలేరు. సగం సగం పద్ధతి అని ఒకటుందని హులిగెమ్మ చెప్పింది. ఫైళ్లలో సగం తీసి పక్కన పెట్టి ఆట తెరవాలి. మనిషి కనిపిస్తే, దోషి తీసిన సగంలో ఉన్నట్టు. ఆ సగంలో సగం తిరిగి లోపల వేసి మళ్లీ తెరవాలి. అట్లా చివరికి ఒక్కటి మిగిలేదాకా. తొమ్మిది సార్లలో తేలుతుందని నేను మనసులోనే లెక్క వేసుకున్నాను. ఒక్కోసారి ఆట తెరుచుకోవడానికి ఆరేడు నిమిషాలు. ఆ ఆరేడు నిమిషాల్లో ఎవరైనా ఏదైనా ఒప్పుకోవచ్చు.

మొదటి సగం తీయగానే ఆయన వచ్చాడు. అయితే లుంగీ కూడా ఆ సగంలోనే పోయింది కాబట్టి ఆట తన దగ్గరున్న బట్టలు తొడిగింది. జీన్సు ప్యాంటు, పూల చొక్కా. పిల్లలిద్దరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నా పంచె లోపలి సగంలోనే ఉందని, వాళ్లు పక్కన పెట్టిన పేర్లలో అది లేదని నాకు కనిపిస్తూనే ఉంది.

మూడోసారి. అయిదోసారి. ఏడోసారి. నా పంచె జోలికి ఎవరూ రాలేదు. తొమ్మిదోసారికి ఒకే ఒక్క ఫైలు మిగిలింది. హులిగెమ్మ లుంగీ. లోపల వేస్తే మనిషి పోతున్నాడు, తీస్తే వస్తున్నాడు. వేసి చూశారు, తీసి చూశారు.

హులిగెమ్మ మెల్లగా అంది. "రెండు నెలలు బాగుండె కదా. ఊరికే ఎందుకు చెడిపోతాది?"

"చెడిపోయింది కదా, కండ్లముందర కనపడతాంది కదా. నువ్వేమన్నా మల్ల మార్చినావా దాంట్లో?"

"లేదు."

"నువ్వు మార్చక, నేను మార్చక, మా అవ్వ మార్చిందా?"

యశోద మాటవరసకే అంది. హులిగెమ్మ నా వైపు చూసింది. నేను సంగటి కలపాలని లోపలికి వెళ్లాను.

యశోద మాటలు లోపలికి వినిపించాయి. రానప్పుడు రాదని చెప్పాల్సిందంట. నేర్చుకునేదానికి మా తాతే దొరికినాడా అంట. నా నాలుకే అది, దాని నోట్లో ఉంది. ఇంత పదును నేనే పెట్టాను. సంగటి ముద్దలు చేసి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తీసుకుని వచ్చేసరికి హులిగెమ్మ బ్యాగు భుజాన వేసుకుని ఉంది. తిని పొమ్మన్నాను. "వద్దవ్వా, పోయొస్తా" అని చెప్పులు వేసుకుంది.

సగం సగం పద్ధతిలో ఒక లోపముంది. దోషి ఒకడైతేనే అది సరిగ్గా పనిచేస్తుంది. ఒకే హాల్ టికెట్ నంబరుతో ఇద్దరు పరీక్షకు వచ్చారనుకుందాం. ఎవరినైనా ఒకరిని బయటికి పంపితే గొడవ తీరుతుంది. బయటికి పోయినవాడే దొంగ అనుకుంటాం. ఆట ఒక్కో బట్టను గుర్తుపట్టే నంబరు, నా పంచెదీ ఆ పిల్ల లుంగీదీ ఒకటే అయి ఉండాలి. లుంగీది అసలు నంబరు, రెండు నెలల నుంచీ ఉన్నది. తర్వాత వచ్చింది నాది.

ఇదంతా సంగటి కెలుకుతూనే నాకు తోచింది. గరిటె పక్కన పెట్టి బయటికొచ్చి చెప్పడానికి పది అడుగులు.

ఫిబ్రవరి 10

ఆ పిల్ల గీసిందాంట్లోనే లోపం ఉండవచ్చు. అన్నీ నాకే తెలిసినట్టు రాయకూడదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ ఆట ఆడే కాలేజీ పిల్లలకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. హులిగెమ్మ గీసినవి వేసుకోవద్దని, ఆటను చెడగొడుతున్నాయని యశోద అందులో రాసిందట. ఇరవై మంది దాకా ఆ పిల్ల చేసిన చీరలూ, రోలూ, నులకమంచమూ తీసిపారేశారట. భోజనం చేస్తూ చెప్పింది, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు. హులిగెమ్మ గ్రూపులోంచి వెళ్లిపోయిందట. క్లాసులో కూడా ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుంటుందట.

పప్పులో ఉప్పు ఎక్కువైందని యశోద అంది. నాకు ఏ రుచీ తెలియలేదు.

తాతకు పదకొండు రకాల బట్టలు వేసి చూసిందట. ఏదీ ఆయనలా లేదు. "చూడలేకపోతాండా అవ్వా. ఈ ఆదివారం ఇల్లు మొత్తం తీసేస్తా. మల్ల మొదట్నుంచి కడతా. తాత లేకుండా" అంది.

నాలుగు రోజులు.

ఫిబ్రవరి 13, గురువారం

రాయకూడదనుకున్నది రాస్తున్నాను.

రెండేండ్ల కింద ఏప్రిల్లో, ఉదయం పదిన్నర. ఊరగాయ కోసం కొట్టిన మామిడికాయ ముక్కలను ఆయన వరండాలో కూర్చుని పాతగుడ్డతో తుడుస్తున్నాడు. జీడి తీయడం రాదని నేను సణుగుతున్నాను. గుడ్డ పక్కన పెట్టి, "హెడ్డమ్మా, ఆటో పిలువు. ఎదలో బండ పెట్టినట్టుండాది" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌నని నాకు ఆయన పెట్టిన పేరు అది. మొహమంతా చెమట. ఏప్రిల్లో కడపలో ఎవరికి చెమట పట్టదు అనుకున్నాను. అయినా ఫోన్ చేశాను. వీధి చివరి వీరభద్ర ఆటో.

ఫోన్ చేసింది పదీ నలభైకి. ఆటో గేటు దగ్గరికి వచ్చింది పదీ నలభై అయిదుకు. మేం ఎక్కింది పదకొండూ అయిదుకు.

ఆ మధ్యలో నేను చేసిన పని ఇది. లుంగీతోనే వస్తారా అన్నాను. నా దగ్గర చదివిన పిల్లలు అక్కడ నర్సులుగా ఉంటారు, ఏమనుకుంటారు అన్నాను. బీరువా తెరిచాను. ఉతికిన పంచెలన్నీ ముడతలు పడి ఉన్నాయి. మంచిది ఒకటి అడుగున దొరికింది. అంచున్నది. దాన్ని ఇస్త్రీ చేయించి, చొక్కా వెతికి, బొత్తాలు పెట్టి, కట్టించాను. ఆయన మంచం అంచున కూర్చుని చిన్నపిల్లవాడిలా చేతులు పైకెత్తాడు. "పోయేది ఆస్పత్రికి కదే, పెండ్లికా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బయట వీరభద్ర రెండుసార్లు హారన్ కొట్టాడు. వస్తున్నామని కసిరాను.

ఏడు రోడ్ల కూడలి దగ్గర తల నా భుజం మీద వాల్చాడు. ఆస్పత్రిలో వాళ్లు మొదట చేసిన పని ఆ పంచె విప్పేసి పచ్చగుడ్డ కప్పడం.

ఇరవై నిమిషాలు ముందొస్తే బతికేవాడా అని డాక్టరును అడగలేదు. అడిగితే చెబుతాడని. ఆలస్యమెందుకైందని కొడుకు అడిగితే ఆటో రాలేదన్నాను. ఎవరూ వీరభద్రను అడగలేదు. ఇప్పటికీ అతని ఆటో కనిపిస్తే నేను తల తిప్పుకుంటాను. అతను మాత్రం "బాగుండారా మేడం" అంటాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మధ్యాహ్నం నా పంచె ఫైలు తీసి పారేశాను. వాళ్లు పక్కన పెట్టిన లుంగీని తిరిగి లోపల వేశాను. ఆట తెరిచాను. నిండుగా, బనియను చిల్లుతో సహా, గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముడి ఎడమ పక్కనే ఉంది. అడిగినప్పుడు నేను చెప్పకపోయినా, ఆ పిల్ల ఫోటో చూసి సరిగ్గానే వేసింది.

బాగయింది. ఇంక ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఫిబ్రవరి 15, శనివారం

యశోద చూసి కండ్లనీళ్లు పెట్టుకుంది. ఎట్లనో దానంతటదే బాగయింది అవ్వా, లుంగీ కూడా వచ్చినాది అంది. ఫైలు లోపలికి ఎట్లా వచ్చిందని ఆలోచించలేదు. సంతోషంగా ఉన్నప్పుడు మా వంశంలో ఎవరూ ఆలోచించరు.

అయితే హులిగెమ్మకు ఫోన్ చేయి, తప్పు ఆ పిల్లది కాదని చెప్పు అన్నాను.

"ఇప్పుడు బాగయితే ఏమి. మొదట చెడగొట్టింది ఆ పిల్లే కదా. తొమ్మిది తూర్లు చూసినాం. నువ్వూ చూసినావు."

చూశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున యశోద తలస్నానానికి పోయినప్పుడు ఆటో పిలిచాను. వీరభద్ర ఆటోనే. అతని వెనక సీట్లో కూర్చుని హాస్టలు దాకా బయటికే చూశాను. అతను తన కూతురి పెండ్లి సంబంధాల గురించి చెప్పాడు.

హాస్టలు గేటు లోపల మెట్ల మీద కూర్చుని హులిగెమ్మకు కబురు పంపాను. ఇంకా పైకి ఎక్కలేను. హులిగెమ్మ తడి తలతో దిగి వచ్చింది. లేచి నిలబడాలనుకున్నాను, మోకాలు లేవలేదు. కూర్చునే చెప్పాను. పంచె సంగతి, నంబరు సంగతి, సంగటి సంగతి. దాచకుండా అంతా. ఆ పిల్ల మధ్యలో ఎక్కడా ఆశ్చర్యపోలేదు. అయిపోయాక ఒక మెట్టు కింద కూర్చుంది.

"నాకు ఆ పొద్దే తెలిసె అవ్వా. ఫైళ్లకు తేదీలుంటాయి. ఆ పంచె ఫైలు సోమవారం మధ్యాహ్నం పన్నెండూ యాభైకి వచ్చినాది. అప్పుడు యశోద క్లాసులో నా పక్కనే ఉండె."

"మరి చెప్పలేదేమమ్మా?"

"మీరు చెప్తారేమో అని చూస్తి. మీరు సంగటి కలిపేదానికి పోయినారు."

అంతే. గొంతు పెంచలేదు. నా సర్వీసులో ఎంతమంది పిల్లల్ని బెంచీ మీద నిలబెట్టానో లెక్క లేదు. ఈ పిల్ల కింద మెట్టు మీద కూర్చుని నన్ను నిలబెట్టింది.

ఇంటికి రమ్మన్నాను. రాదేమో అనుకున్నాను. చున్నీ, బ్యాగు తెచ్చుకుని వచ్చింది. ఆటోలో నా మోకాలి మీద బ్యాగు తగలకుండా తన వైపు పెట్టుకుంది.

యశోద జుట్టు ఆరబెట్టుకుంటూ గేటు దగ్గర నిలబడి ఉంది. మమ్మల్నిద్దరినీ చూసి మొహం ముడుచుకుంది. లోపలికి పోయి, ల్యాప్‌టాప్ ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండోసారి చెప్పాను. రెండోసారి తేలిక అంటారు. కాదు. యశోద హులిగెమ్మ వైపు తిరగలేకపోయింది. మెడ దాకా ఎర్రబడింది. హులిగెమ్మే, "మీ అవ్వ ముందే చెప్పింటే తొమ్మిది తూర్లు ఆట తెరిచే పని తప్పుతుండె" అంది. ఎవరూ నవ్వలేదు గాని గదిలో గాలి కొంచెం ఆడింది.

తర్వాత యశోద నన్నడిగింది. "పంచె ఎందుకవ్వా? ఉన్న లుంగీ ఉన్నట్టే ఉండనీక, పంచె ఎందుకు?"

లుంగీ బాగాలేదని చెప్పి ఊరుకోవచ్చు. హులిగెమ్మ నా వైపే చూస్తోంది. మళ్లీ ఏ వంటింట్లోకి పోతానో అన్నట్టుంది ఆ చూపు. గురువారం ఇక్కడ రాసిందంతా చెప్పాను. ఆటో ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెక్కామో, నిమిషాలతో సహా. ఆటో రాలేదని చెప్పింది అబద్ధమని.

యశోద తల వంచుకుంది. అసహ్యించుకుంటోందనుకున్నాను. అది న్యాయమే అనుకున్నాను కూడా.

"ఇస్త్రీ చేసింది నేను కదవ్వా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు. నువ్వు బీరువా కాడి నుంచి పంచె నా మీదికి ఇసిరేస్తివి. నేనే చేసినా. కింద అంచు మడత పోలేదని మల్లొకసారి రుద్దినా. నువ్వు రుద్దమనలేదు. వీధిలో అందరూ చూస్తారు కదా, నాకే సిగ్గేసె. హారన్ ఇనపడతానే ఉంది. అయినా రుద్దినా."

పరీక్షలైపోయి ఇంట్లో ఉంది అది అప్పుడు. పదిహేడేండ్లు. ఇస్త్రీ చేయించి అని గురువారం ఎంత సులువుగా రాశానో వెనక్కి తిప్పి చూశాను. ఎవరి చేత చేయించానో రెండేండ్లలో ఒక్కసారి కూడా నా తలలోకి రాలేదు.

"ఆటలో లుంగీతో పెట్టినా. ఈడైతే తాతకు ఎవురూ ఏమీ మార్చే పని ఉండదనుకుంటి" అంది.

హులిగెమ్మ లేచి వంటింట్లోకి పోయి ముగ్గురికీ నీళ్లు తెచ్చింది.

ఫిబ్రవరి 17

యశోద కాలేజీకి పోలేదు. ఇద్దరం ఒకరినొకరు తప్పించుకుంటూ తిరిగాం. రెండు గదుల ఇంట్లో అది కష్టమైన పని.

ఫిబ్రవరి 18, మంగళవారం

పొద్దున యశోద గ్రూపులో రాసింది. హులిగెమ్మ గీసినవాటిలో తప్పు లేదు, మా ఇంట్లో జరిగిన పొరపాటు అని. పొరపాటు ఎవరిదో రాయమన్నాను. రాయనంది. ఫోన్ లాక్కుని నేనే రాశాను, నా పేరుతో, రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు అని కూడా. ఇరవై మందిలో పదిహేను మంది నవ్వే బొమ్మలు పెట్టారు. పెట్టనీ. సాయంత్రానికి హులిగెమ్మ తిరిగి గ్రూపులో చేరిందట. నులకమంచం మళ్లీ అడుగుతున్నారట.

యశోదకు చెప్పాను. అరిచింది నేను, ఇసిరింది నేను, సిగ్గు నేర్పింది కూడా నేనే, నీది ఏమీ లేదని. తలూపింది. దాని తలూపడం నాకు తెలుసు. పరీక్షలో తప్పు రాసి వచ్చి, బాగా రాశానని ఊపే తల అది.

మాటతో తేలేట్టు లేదు. బీరువాలోంచి అంచు పంచె ఒకటి తీసి, చేత్తో బాగా నలిపి, ఇస్త్రీ పెట్టె వేడి చేశాను. గోడ గడియారం దించి బల్ల మీద యశోదకు ఎదురుగా పెట్టాను. చూస్తూ ఉండు అన్నాను. అంతా చేసి, కింది అంచు రెండోసారి కూడా రుద్దాను. పెట్టె పక్కన పెట్టాను.

"నాలుగు నిమిషాలు. మిగతా పదహారు నావి" అన్నాను.

యశోద గడియారం వైపు చూసింది. పంచె వైపు చూసింది. తర్వాత పంచెను రెండు చేతులతో తీసుకుని, ముద్ద చేసి గట్టిగా నలిపి, మళ్లీ నా ముందు పరిచింది.

"నేను ఇంత బిన్నా చేయలేదవ్వా. ఇంగొకసారి చెయ్. మెల్లగా."

పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.